పంతులుగారికి రాని గ్రాంటు

మొన్న సోమవారం ఒకావిడ మనవరాల్ని మా బడిలో చేర్పించడానికి వచ్చింది. నేను బరంపురం ఆడపిల్లల బడిలో రెండో పంతులమ్మని. పెద్ద పంతులమ్మ రావడం ఆలస్యమైతే చేరిక పుస్తకం నేనే రాస్తాను. పిల్ల పేరు, వయసు, ఊరు రాసి, సంతకం పెట్టమని ఆవిడకి కలం అందించాను. ఆవిడ కలం తీసుకోకుండా బొటనవేలు చాపింది. రోజూ చూసేదే కాబట్టి సిరా దగ్గరికి జరిపాను. వేలు అద్దుతూ ఆవిడే అంది:

"మా నాన్న పంతులేనమ్మా. అయినా నాకు అచ్చరం ముక్క రాలేదు."

"అదేటి? ఆయన సెప్పలేదా?"

"ఆయనకి సెప్పడం రాదంట. సెమకండి కాడ జాలరోళ్ళ పల్లెలో బడి పెట్టినాడు. ఒక్క గుంటకీ లెక్క రాలేదనీసి ఇనస్పెట్రు తప్పించీసినాడంట. ఆయన కాడ పలక పడితే ఉన్న తెలివి కూడా పోతాదని మా మేనమాఁవ నన్ను పట్టనియ్యలేదు. మొన్న కార్తీకంలో పోయినాడు. అస్కాలో, మా ఇంటికాడే."

వేలిముద్ర పక్కన నేను రాస్తున్న మాట సగంలో ఆగిపోయింది. పెద్ద పంతులమ్మ వచ్చి సంతకం చెయ్యాలని చెప్పి వాళ్ళిద్దర్నీ వరండాలో బెంచీ మీద కూర్చోమన్నాను.  ఆ లెక్క రాని పిల్లల్లో మొదటిదాన్ని నేనే. ఆయన పోయారన్న సంగతి నాకు ఆ క్షణం దాకా తెలియదు.

నాకు గుర్తున్న పంతులుగారికి చెప్పులు కాళ్ళకి ఉండేవి కావు, చేతిలో ఉండేవి. ఎందుకండీ మోసుకు తిరుగుతారు అంటే, "ఇసకలో అరిగిపోవా?" అనేవారు. ఛత్రపురం నుంచి ఇనస్పెక్టరు వచ్చే రోజున మాత్రం తొడుక్కునేవారు. అలవాటు తప్పిన కాళ్ళు కాబట్టి ఆ రోజంతా కుంటుతూ నడిచేవారు. భుజం మీద ఒకే ఒక తువ్వాలు. చెమట తుడుచుకోడానికీ అదే, మా పలకలు తుడవడానికీ అదే, ఎండకి నెత్తిన వేసుకోడానికీ అదే. సముద్రం ఒడ్డున వలలు ఆరేసే చోటికి పక్కనే మా బడి. తాటాకు కప్పు, నడుమెత్తు మట్టిగోడ. లోపల మేం ఏం చదివినా బయట వలలు అల్లేవాళ్ళకి వినబడుతుంది. వాళ్ళు ఏం తిట్టుకున్నా మాకు వినబడుతుంది. రెండు చదువులూ బాగానే వంటబట్టాయి.

ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట.

"బడి కప్పు కారతందండి పంతులుగోరూ."

"గ్రాంటొచ్చాక."

"మీ గొడుక్కి కర్రొక్కటే మిగిలినట్టుందేటండి?"

"గ్రాంటొచ్చాక."

మాకు అది ఆట అయిపోయింది. ఒకసారి మా అమ్మ నీళ్ళు తెమ్మంటే "గ్రాంటొచ్చాక" అని వీపు మీద దెబ్బ తిన్నాను.

ఆ గ్రాంటు సంగతి చెప్పకపోతే ఆయన సంగతి తెలియదు. అప్పట్లో మా పల్లెబడి పంతులుగారికి సర్కారు నెలజీతం లేదు. ఊరివాళ్ళు ఇచ్చే బియ్యం, ఉప్పు, ఇంతే. ఏడాదికోసారి ఇనస్పెక్టరు వచ్చి పిల్లల్ని ఒక్కొక్కర్నే పరీక్ష చేసేవాడు. చదివితే ఇంత, రాస్తే ఇంత, లెక్క చేస్తే ఇంత అని తలకి లెక్కగట్టి గ్రాంటు ఇచ్చేవారు. పిల్ల తప్పితే ఆ మేరకి పంతులుకి సున్న. సర్కారు సొమ్ము ఊరికే పోకూడదు, చదువు వచ్చిన చోటే పడాలి అని పైవాళ్ళ ఉద్దేశం. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! ఆ పద్ధతి పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఇప్పటికీ మా బడికి పెద్దమనుషులు వచ్చి కుర్చీలో కూర్చుని, "ఇంత ఖర్చు పెడుతున్నాం, ఎంతమంది గట్టెక్కారమ్మా?" అని అడుగుతారు. నేను తల వంచుకుని అంకె చెబుతాను. నాకు వాళ్ళ మీద కోపం వస్తుంది, ఆ కోపం చూపించే హక్కు నాకు లేదని కూడా తెలుసు.

పరీక్ష నెల దగ్గర పడితే పంతులుగారు పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి మా నుదుళ్ళు తాకి చూసేవారు. ఎవరికైనా ఒళ్ళు వెచ్చగా ఉంటే ఆయన మొహం చూడాలి! అప్పటికప్పుడు శొంఠి కషాయం కాచి తెచ్చి, ముక్కు మూసి తాగించేవారు. తరవాత మా కుడిచెయ్యి పట్టుకుని మూడు వేళ్ళు నిలబెట్టేవారు. చూపుడువేలు చదువు, నడిమివేలు రాత, ఉంగరంవేలు లెక్క. ఏది రాకపోతే ఆ వేలు మడిచి, "దీన్ని ఎప్పుడు లేపుతావమ్మా?" అని బతిమాలేవారు. కొట్టడం నేను చూడలేదు. కొడితే బడి మానేస్తారని భయమేమో అని మా అయ్య వెక్కిరించేవాడు.

వల అల్లే ఒకతని కూతురు పుట్టు చెవిటిది, మాట కూడా సరిగా రాదు. దానికి మూడు వేళ్ళూ మడతే. దాన్ని పరీక్షకి నిలబెట్టే వీలు లేదు. అయినా రోజూ మధ్యాహ్నం దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తడి ఇసకలో చేప బొమ్మ గీసి, పక్కన 'చేప' అని రాసి, దాని చేత దిద్దించేవారు.

"దీనికి గ్రాంటు రాదుగదండి పంతులుగోరూ?" అని అడిగాను ఒకసారి.

"రాదు. అయితే ఏటి?" అన్నారు. అంత విసురుగా ఆయన మాట్లాడడం అదొక్కసారే.

నన్ను బడిలో వేసిన కథ మా పల్లె అంతా చెప్పుకునేది. మా అయ్యకి పెద్దవల, పడవ ఉండేవి. ఆ రేవులో ఆయన మాటే మాట. పంతులుగారు చెప్పులు చేత పట్టుకుని వచ్చి, "ఆడపిల్ల పాసైతే గ్రాంటు ఎక్కువ బాబూ. మగోడికి రూపాయైతే ఆడపిల్లకి రూపాయిన్నర. మీ గుంటని పంపండి" అన్నారు.

"ఆడగుంటకా ఎక్కువ? దొరలకి మతి పోనాదేటి?" అని మా అయ్య పకపకా నవ్వాడు. నవ్వాక ఆలోచించాడు. ఆ సాయంత్రం రేవంతా తిరిగి, "నా కూతురు మీ గుంటలకి ఒకటిన్నర రెట్టు, సర్కారే అన్నాది" అని చాటుకుని వచ్చాడు. తెల్లారి నన్ను బడికి పంపాడు. అప్పటినుంచి పంతులుగారు నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఒకటిన్నరా, ఇలా రామ్మా" అనేవారు. నా మూడు వేళ్ళూ ఆరు నెలల్లో లేచాయి.

ఆయన భార్యా కూతురూ అస్కాలో బావమరిది పంచన ఉండేవారు. ఆ పిల్లది నా ఈడేనట. "నీకు ఎక్కాలొచ్చేశాయి. మా గుంటకి ఒంట్లు కూడా వచ్చో రావో" అని ఒక్కోసారి నన్నే చూస్తూ అనేవారు. గ్రాంటు ముందరి ఏడాది తుపాను వల్ల సగానికి సగం పోయింది. ఈ ఏడు పూర్తిగా వస్తే వాళ్ళని తెచ్చుకుంటానని బడి వెనకాల పాకకి నాలుగు సరుగుడు గుంజలు పాతుకున్నారు. కప్పు లేదు, గోడ లేదు. సాయంత్రం బడి విడిచాక ఆ గుంజల మధ్య నిలబడి, పొయ్యి ఎటువైపు పెడితే పొగ బయటికి పోతుందా అని ఆలోచిస్తుండేవారు.

ఆ ఏడాది సరిగ్గా పరీక్ష ముందే చేపల గుంపులు ఒడ్డు దగ్గరికి వచ్చాయి. మా దగ్గర ఒడ్డునుంచి లాగే పెద్దవల తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ వాటా ఉంది. పెద్దవాళ్ళకి ఒకటి, పిల్లలకి అర. ఆ అరవాటా కోసం తల్లులు పిల్లల్ని బడి మాన్పించి తాడుకి తోలారు. నాలుగు రోజులు బడిలో నేనూ, ఆ చెముడు పిల్లా మిగిలాం. ఐదో రోజు పంతులుగారు పంచె ఎగ్గట్టి రేవుకి వెళ్ళారు. చేప వాసనకే మొహం తిప్పుకునే మనిషి వెళ్ళి తాడు పట్టుకున్నారు.

"పంతులుగోరు కూడా వొచ్చీసినారు! ఇంకేటి, వల పాఠం సదువుకుంటాది" అని అందరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. "నా వాటా ఒక గుంట ఇంటికి ఇచ్చీండి బాబూ, ఆ గుంటని బడికి వదిలీండి" అన్నారు. మా అయ్య ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, "పంతులు బలం గుంట బలమే, అరవాటాయే" అని తేల్చేశాడు. అలా రోజుకి ఒక పిల్లని విడిపించుకునేవారు. పంపకం అయ్యాక ఆ చేపల్ని తాటాకులో చుట్టి, చెయ్యి బారెడు దూరం చాపి, మొహం పక్కకి తిప్పుకుని, ఆ పిల్ల ఇంటికి తీసుకెళ్ళి, "ఇదిగోనమ్మా, మీ గుంట వాటా" అని గుమ్మంలో పెట్టి వచ్చేవారు. ఆ తరవాత సముద్రంలో చేతులు రుద్దీ రుద్దీ కడుక్కునేవారు. అరచేతులు బొబ్బలెక్కి సుద్దముక్క పట్టుకోలేక, ఆ నెలంతా నోటితోనే పాఠం చెప్పారు. వారం తిరిగేసరికి తల్లులకే సిగ్గేసి పిల్లల్ని పంపేశారు. మా అయ్యకి మాత్రం సిగ్గెయ్యలేదు.

ఆ రోజుల్లోనే రేవులో పేచీ ఒకటి నడుస్తోంది. పూర్వం వలకీ పడవకీ కలిపి మూడోవంతు తీసి, మిగిలింది లాగినవాళ్ళు పంచుకునేవారు. కొత్త వల కొన్నానని మా అయ్య ఆ ఏడు సగం తియ్యడం మొదలుపెట్టాడు. లాగేవాళ్ళు లోలోపల ఉడికిపోతున్నారు. ఎదురు చెప్పే నోరు ఎవరికీ లేదు.

పరీక్ష రోజు ఇనస్పెక్టరు బండి దిగి ఇసకలో నడిచి వచ్చాడు. గోదావరి వైపు మనిషి. పాపం, మంచివాడే. అదే మా కొంప ముంచింది. చదివించాడు, చదివాం. రాయించాడు, రాశాం. పంతులుగారు చెప్పులు తొడుక్కుని మూల నిలబడి, ఒక్కొక్కరు గట్టెక్కినప్పుడల్లా నోట్లోనే ఏదో అనుకుంటున్నారు. మట్టిగోడ చుట్టూ ఊరంతా మూగింది. లెక్క దగ్గరికి వచ్చేసరికి ఇనస్పెక్టరు పుస్తకం మూసేసి, బయట ఆరుతున్న వలలకేసి చూశాడు. మాకు తెలిసిన లెక్క ఇద్దామనుకున్నాడు.

"ఒక వలలో నూట అరవై చేపలు పడ్డాయి. ఎనిమిది మంది లాగారు. పంచుకుంటే తలకి ఎన్ని వస్తాయో పలక మీద చెయ్యండి."

నేను అందరికంటే ముందు చేసేశాను. ఇరవై. పలక తిప్పి చూపించబోతూ తల ఎత్తాను. గోడకి ఆవల మా అయ్య ఉన్నాడు. ఆయన వెనకాల లాగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకడు గట్టిగానే అన్నాడు:

"సెప్పు తల్లీ, సర్కారోరి లెక్కలో లాగినోడికి తలకెంతో మేమూ ఇంటాం."

కొందరు కిసుక్కున నవ్వారు. మా అయ్య నవ్వలేదు, కళ్ళెర్రజెయ్యనూ లేదు. ఊరికే నా వైపు చూశాడు. నాకు పదేళ్ళు. కానీ ఆ నవ్వెందుకో, ఆ చూపెందుకో నాకు బాగానే తెలిసింది. అరచేత్తో ఇరవై తుడిచేసి, పది వేశాను.

"పది" అన్నాను.

"మళ్ళీ చూడు అమ్మాయీ" అన్నాడు ఇనస్పెక్టరు.

"పదేనండి."

నా వెనకాల ఎనిమిది మంది పలకలు తుడుచుకుంటున్న చప్పుడు వినిపించింది. పంతులుగారి ఒకటిన్నర చెప్పాక తప్పెలా అవుతుంది? పైగా మా రేవులో నూట అరవై పడితే లాగినవాళ్ళ చేతికి వచ్చేది పదే. అందరి పలకల మీదా పదే ఉంది.

"ఇదేం వింత? మిగతా సగం ఏమైంది?" అన్నాడాయన.

"వలకండి" అన్నాడు ఒక పిల్లవాడు.

"నేను వల సంగతి అడగలేదు. భాగహారం అడిగాను." ఆయన పంతులుగారి వైపు తిరిగాడు. "ఏమయ్యా, నీ పిల్లలకి నువ్వే చెప్పి అడుగు. ఒక్కళ్ళు సరిగ్గా చెప్పినా ఇంకో లెక్క ఇచ్చి చూస్తాను."

పంతులుగారు కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చి వంగారు. నా పలక మీద సరిగ్గా తుడవని ఇరవై, పది కింద నుంచి ఇంకా కనిపిస్తూనే ఉంది. అది ఆయన చూశారు. తరవాత గోడవైపు చూశారు. మా అయ్యని కూడా చూశారు.

"అమ్మా, నీకు ముందు ఎంతొచ్చిందో అది సెప్పమ్మా" అన్నారు.  ఆయన బతుకంతా నా నోట్లో ఒక్క మాట దగ్గర ఉందని నాకు తెలుసు. గుంజల సంగతి నాకు తెలుసు, అస్కాలో ఉన్న పిల్ల సంగతీ తెలుసు.

"పది" అన్నాను.

 ఆయన నా పలక ఎత్తి ఇనస్పెక్టరుకి చూపించి ఉంటే సరిపోయేది. చూపించలేదు. తువ్వాలుతో ఆ పలక శుభ్రంగా తుడిచి నా ఒళ్ళో పెట్టి, నిటారుగా నిలబడి, "ఆళ్ళకి వొచ్చిన లెక్క అదేనండి. తప్పనే రాసుకోండి" అన్నారు.

ఇనస్పెక్టరు రాసుకున్నాడు. తొమ్మిదిమందికీ లెక్క తప్పని రాసి, బోధన పనికిరాదని, చదువుకీ రాతకీ వచ్చే గ్రాంటు కూడా ఆపెయ్యమని, ఈ బడి మీద సర్కారు సొమ్ము దండగని కూడా రాశాడట. ఊళ్ళో ఆ మాట సాయంత్రానికే పాకిపోయింది. లాగేవాళ్ళు, "బడి కూడా వలోడి వైపే" అని ఉమ్మేసి పోయారు. మా అయ్య నన్ను భుజం మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాడు. అంత పెద్దయ్యాక నన్ను ఎత్తుకోవడం అదే ఆఖరు.

ఆ మధ్యాహ్నమే పంతులుగారు మళ్ళీ రేవుకి వచ్చి తాడు పట్టుకున్నారు. పంపకం దగ్గర మా అయ్య, "ఇయ్యాళ నీకు పూర్తి వాటా పంతులూ" అన్నాడు ఉదారంగా. "సెముడు గుంట ఇంటికి పంపీండి" అని, చేతులు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయారు. మూడో రోజున మూట కట్టుకుని మా ఇంటికి చెప్పిపోవడానికి వచ్చారు. నేను లోపల వలల గుట్ట వెనకాల దాక్కున్నాను. అమ్మ పిలిచింది, పలకలేదు. ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, "దాన్ని సదువు మాన్పించకండమ్మా, మంచి బుర్ర" అని వెళ్ళారు. ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది. అయినా బయటికి రాలేదు. నేను చేసిన పనుల్లో నాకు ఎక్కువ సిగ్గు కలిగించేది ఆ పది కాదు, ఇదే.

నా చదువు ఆగలేదు. అక్కరకి వచ్చే బుర్ర అని మా అయ్య మురిసిపోయి నన్ను ఛత్రపురం పంపాడు, ఆ తరవాత బరంపురం. ఇవాళ నేను తింటున్న జీతం ఆ పది లోంచి వచ్చిందే. గుంజలు మాత్రం కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, ఎవరో వలలు ఆరేసుకోడానికి పనికొచ్చాయి.

పెద్ద పంతులమ్మ వచ్చి సంతకం చేసింది. నేను చీటీ పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. ఆవిడ వెళ్ళడానికి లేచింది, పిల్ల చెయ్యి పట్టుకుంది. ఊరుకుంటే పోయేది. ఇన్నేళ్ళు ఊరుకున్నదాన్నే కదా. కానీ ఆయనకి చెప్పడం రాదన్న మాట ఆ ఇంట్లో ఇంకో తరం వినకూడదనిపించింది. చెప్పాను. వల లెక్క, మా అయ్య చూపు, నేను తుడిచిన ఇరవై, అన్నీ చెప్పాను. "మీ నాన్నగారు సెప్పిన లెక్క నాకు తప్పలేదు. నేనే తప్పు సెప్పినాను" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను. 

"ఆ ఏడు మమ్మల్ని తీసికెల్తానని కబురంపినాడు" అంది ఆవిడ. "మా అమ్మ గిన్నెలు, బట్టలు మూటగట్టి గుమ్మంకాడ పెట్టింది. మాఁవ ఇంట్లో ఎవరేటన్నా నాను ఆ మూట మీదెల్లి కూసునీదాన్ని, రేపో మాపో ఎల్లిపోతాం గదాని." ఆగింది. "అయితే నువ్వు ఆ ఇరవై అనుంటే, మేం ఎల్లీవోళ్ళమేనా?"

"ఎల్లీవోరే" అన్నాను.

ఆవిడ పిల్ల చెయ్యి వదిలేసి, మళ్ళీ మెల్లిగా బెంచీ మీద కూర్చుంది.